పుట్టుక వేరు, పని వేరు
(సంఘం ఆన్‌లైన్ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



  సిగ్నల్ కోసం ఇంటి మిద్దె మీదికో చెట్టు కిందికో వెళ్లి వింటున్నవాళ్లు కొందరు ఉంటారని నాకు తెలుసు. మా ఊళ్లో నేనూ అలాగే వినేవాణ్ని.

నాకు ముందు మాట్లాడినవాళ్లు భాష గురించి, భూమి గురించి, చదువుల గురించి మాట్లాడారు. నేను ఒక ఆట గురించి మాట్లాడతాను. "ఇంత పెద్ద సభలో ఆటేంటి?" అని పెద్దలు అనుకోవచ్చు. ఒక పావుగంట ఓపిక పట్టండి. ఆ ఆటలో మన గురించి రాసి ఉంది. రాసింది మనం కాదు. అదే నా బాధ.

ముందు ఆట ఏమిటో చెబుతాను. పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో 1974లో మొదటిసారి అచ్చయింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రాశారు. మొదట వేసినవి వెయ్యి పెట్టెలే. కంప్యూటర్ అక్కర్లేదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "వాగు దాటుతున్నాను", "తలుపు వెనక దాక్కుంటున్నాను" అని నోటితో చెబుతారు. అది జరిగిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. మన దగ్గర రాత్రిపూట మంట చుట్టూ కూర్చుని కథ వినడం ఉంది కదా, అక్కడ వినేవాళ్లు కూడా కథలోకి దిగితే ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది.

ఈ ఆటలో ప్రతి పాత్రకూ ఒక 'క్లాస్' ఉంటుంది. బడిలో తరగతి కాదు. నీ పాత్ర ఏ పని చేయగలదు, ఏది చేయలేదు అని చెప్పే నియమాల మూట అది. యోధుడు ఒక క్లాస్, మంత్రగాడు ఒక క్లాస్, దొంగ ఒక క్లాస్.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో రూమ్మేట్లతో కలిసి మొదటిసారి ఈ ఆటకు కూర్చున్నాను. ఏ క్లాస్ తీసుకోవాలో తెలియక పుస్తకం తిరగేస్తున్నాను. ఒక స్నేహితుడు నవ్వుతూ అన్నాడు: "నువ్వు బార్బేరియన్ తీసుకో రా, అడవి నుంచి వచ్చావు కదా, నీకు నేర్పనక్కర్లేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతను చెడ్డవాడు కాదు, ఇప్పటికీ స్నేహితుడే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి పుస్తకంలో ఆ పేజీ చదివాను. తర్వాత పాత పుస్తకాలు కూడా వెతికి చదివాను.

బార్బేరియన్ అనే మాట గ్రీకుల నుంచి వచ్చింది. తమ భాష కాని భాష మాట్లాడేవాళ్ల మాట వాళ్ల చెవికి "బర్ బర్" అని వినిపించేదట. అంటే ఆ మాటకు మొదటి అర్థం "మాకు అర్థం కాని భాష మాట్లాడేవాడు" అని. మనం గోండిలో మాట్లాడుకుంటుంటే బస్సులో పక్కసీటువాళ్లు చూసే చూపు మీకు గుర్తొచ్చే ఉంటుంది. ఆ చూపుకు చాలా పాత పేరు ఇది. ఆ తర్వాత 1932లో రాబర్ట్ ఇ. హోవర్డ్ అనే రచయిత కోనన్ అనే బార్బేరియన్ వీరుడి కథలు అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఆటలోకి ఆ రూపమే వచ్చింది: కండలు, కోపం, గొడ్డలి. 1985లో వచ్చిన ఒక పుస్తకంలో బార్బేరియన్‌కు మంత్రం అంటే అసహ్యం అని రాశారు. 2000లో వచ్చిన మూడో కూర్పులో ఇంకో నియమం పెట్టారు. ఆ పుస్తకంలోని క్లాసులన్నిటికీ చదవడం రాయడం వచ్చు, బార్బేరియన్‌కు తప్ప. అతనికి చదువు రావాలంటే తన నైపుణ్యాల ఖాతాలోంచి రెండు పాయింట్లు ఖర్చుపెట్టాలి.

ఆ నియమం చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయనకు చదవడం రాదు, వేలిముద్రే. కానీ మా ఇంటి పేరువాళ్లు ఏ ఊళ్లలో ఉన్నారు, ఎవరిది ఎన్ని దేవుళ్ల సగ, ఎవరింటికి ఎవరిని ఇవ్వొచ్చు, ఎవరిని ఇవ్వకూడదు, ఇదంతా కాగితం లేకుండా చెప్పగలడు. అదే పుస్తకంలో పాత కథలు, వంశాలు గుర్తుండే శక్తిని బార్డ్ అనే పాటగాడి క్లాస్‌కు ఇచ్చారు. చదువు రాకపోవడం ఒకరికి, జ్ఞాపకం ఇంకొకరికి. మా తాతలో ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఆ పుస్తకంలో ఆయనకు చోటు లేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2014లో వచ్చిన అయిదో కూర్పులో ఆ చదువు నియమం లేదు. ఆ క్లాస్ ఆడటానికి బాగుంటుంది, నేనూ ఆడాను. కోపగించుకుని ఆట మానేయమని చెప్పడానికి నేను రాలేదు. నియమాలు మనుషులు రాసినవి. రాసినవాళ్లు మార్చుకున్నారు. అయితే మనమూ రాయొచ్చు. ఎలా రాయాలో చెబుతాను.

క్లాస్‌లు ఎలా పుట్టాయో చూస్తే, ఎలా తయారుచేయాలో తెలుస్తుంది. 1974లో ఉన్నవి మూడే: యోధుడు, మంత్రగాడు, పూజారి. ఈ పూజారి పుట్టుక చిత్రమైనది. ఆర్నెసన్ ఇంట్లో ఆడే ఆటలో ఒకరి పాత్ర రక్తం తాగే పిశాచంగా మారి మరీ బలమైపోయింది. దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. ఆపడానికి దయ్యాలను తరిమే పూజారి పాత్రను తెచ్చారు. ఆ పాత్రే తర్వాత క్లాస్ అయింది. అంటే క్లాస్ అందంగా ఉంటుందని పుట్టలేదు. బల్ల దగ్గర ఒక అవసరం వచ్చింది, దానికి జవాబుగా పుట్టింది. ఇది మొదటి పాఠం. "మన ఆటలో ఏ పని చేసేవాళ్లు లేరు?" అని ముందు అడగండి. వేషం గురించి తర్వాత.

రెండో పాఠం దొంగ క్లాస్ నుంచి. 1975లో గ్రేహాక్ అనే అనుబంధంలో దొంగను చేర్చారు. గోడ ఎక్కడం, తాళం తీయడం, చప్పుడు కాకుండా నడవడం అతని పని. అప్పటిదాకా ఎవరైనా "గోడ ఎక్కుతాను" అంటే కథ నడిపేవాడు ఒప్పుకునేవాడు. దొంగ వచ్చాక "అది దొంగ పని కదా, నువ్వెలా ఎక్కుతావు?" అన్న ప్రశ్న వచ్చింది. ఒక క్లాస్‌కు ఒక తలుపు తెరిస్తే, మిగతా అందరికీ ఆ తలుపు మూసుకుపోవచ్చు. కాబట్టి అందరూ చేయగలిగిన పనిని ఒకరి సొత్తుగా రాయకండి. చెట్టెక్కడం మన పిల్లలందరికీ వచ్చు. దాన్ని ఒక క్లాస్‌కు శక్తిగా ఇస్తే మిగతావాళ్ల నుంచి లాక్కున్నట్టే.

మూడో పాఠం: శక్తికి ఖరీదు ఉండాలి. ఇది బార్బేరియన్ నుంచే నేర్చుకున్నాను. అయిదో కూర్పులో అతనికి రెండో స్థాయిలో ఒక శక్తి వస్తుంది. తెగించి కొట్టొచ్చు. అప్పుడు ఒక పాచికకు బదులు రెండు వేసి పెద్దది తీసుకుంటాడు. 11 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే దెబ్బ తగులుతుందనుకోండి. ఒక పాచికతో నూటికి 50 వంతుల అవకాశం. రెండింటితో 75. కానీ ఆ తర్వాత అతని వంతు మళ్లీ వచ్చేదాకా శత్రువులు కూడా అతని మీద రెండేసి పాచికలు వేస్తారు. శక్తి, దాని ధర, రెండూ ఒకే నియమంలో ఉన్నాయి. ఆడేవాడు ప్రతిసారీ ఆలోచించాల్సి వస్తుంది. మంచి నియమం అంటే అది. ఊరికే "బలం రెండు ఎక్కువ" అని రాస్తే ఆలోచించేది ఏమీ ఉండదు.

నాలుగో పాఠం నాకు అన్నిటికన్నా ముఖ్యం. 1981లో ఇదే ఆటకు కొత్తవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వచ్చింది. అందులో ఏడు క్లాసులు. యోధుడు, పూజారి, మంత్రగాడు, దొంగ, ఈ నాలుగూ మనుషులకు. మిగతా మూడు: ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్. ఇవి పనులు కావు, జాతులు. అంటే మనిషిగా పుడితే యోధుడు కావాలా, పూజారి కావాలా అని ఎంచుకోవచ్చు. డ్వార్ఫ్‌గా పుడితే నీ పని డ్వార్ఫ్ కావడమే. పుట్టుకే వృత్తి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది ఎక్కడో చూసినట్టు లేదా? సినిమాలో డాక్టర్ ఉంటాడు, పోలీసు ఉంటాడు, టీచరమ్మ ఉంటుంది, ఆ తర్వాత "ఒక ఆదివాసి" ఉంటాడు. అతను ఏం పని చేస్తాడో ఎవరూ అడగరు. ఆదివాసి కావడమే అతని పని. మనలో నర్సులున్నారు, లెక్చరర్లున్నారు, డ్రైవర్లున్నారు, సర్పంచులున్నారు. కథలోకి వచ్చేసరికి మనం ఒకే క్లాస్. అందుకే ఈ ప్రసంగానికి ఆ పేరు పెట్టాను. పుట్టుక వేరు, పని వేరు. క్లాస్ రాసేటప్పుడు పనిని రాయండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను.

బార్బేరియన్ మాట విన్న కోపంలో నేను మన క్లాస్ ఒకటి తయారుచేశాను. గుస్సాడి క్లాస్. మూడు రాత్రులు కూర్చుని రాశాను. నెమలి ఈకల టోపీ పెట్టుకుంటే రక్షణ రెండు ఎక్కువ. ఒంటికి బూడిద పూసుకుంటే దయ్యాలు భయపడతాయి. అయిదో స్థాయిలో నాట్యం చేస్తే శత్రువులు కదలలేరు. కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా ఎంత గర్వపడ్డామో గుర్తుంది కదా. అదే ఊపు నాది. దీపావళికి ఊరికి వెళ్లినప్పుడు తాతకు చదివి వినిపించాను.

తాత మొత్తం విన్నాడు. తర్వాత అడిగాడు: "టోపీ పెట్టుకుంటే ఏం వస్తుందో రాశావు. పెట్టుకోవడానికి ముందు ఏం చేయాలో రాశావా? దింపాక ఏం చేయాలో రాశావా?"

నేను రాయలేదు. దీక్షలో ఉన్నన్ని రోజులు స్నానం చేయకపోవడం రాయలేదు. దండారి ఇంకో ఊరికి అతిథిగా వెళ్తుందని, ఆ ఊరివాళ్లు అన్నం పెట్టి గౌరవిస్తారని రాయలేదు. నేను రాసింది వేషం. ఫొటోలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు చూసేది ఎంతో, నేను చూసిందీ అంతే.

తాత ఇంకో మాట అన్నాడు. "పాచిక తప్పు పడితే మీ గుస్సాడి ఓడిపోతాడా? ఓడితే పిల్లలు నవ్వుతారా?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితాలు మడిచి పెట్టేశాను. అప్పటి నుంచి నాకు నేను ఒక హద్దు పెట్టుకున్నాను. పెన్‌లను, కటోడా చేసే పూజను, దీక్షను బల్ల మీదికి తేను. పాచిక మీద పెట్టకూడనివి కొన్ని ఉంటాయి. అవి ఏవో నిర్ణయించేది నేనొక్కణ్ని కాదు.

అయితే తాత ఆట వద్దనలేదు. "మీ ఆటలో యాది పెట్టుకునేవాడు ఎవడు?" అని అడిగాడు. అవసరం ఏమిటో ఆయనే చూపించాడు. మొదటి పాఠం గుర్తుంది కదా.

కాబట్టి జ్ఞాపకాన్నే పనిగా తీసుకుని క్లాస్ రాయాలనుకున్నాను. వెంటనే మనసులోకి వచ్చింది ప్రధాన్‌లు. కిక్రీ వాయిస్తూ మన వంశాల కథలు తరతరాలుగా పాడినవాళ్లు వాళ్లే. క్లాస్‌కు 'ప్రధాన్' అని పేరు పెట్టి, నా ప్రధాన్ స్నేహితుడికి పంపాను. అతను ఫోన్ చేశాడు. "నేను ఎలక్ట్రీషియన్ని. నాకు కిక్రీ రాదు. మీ ఆటలో నేను నేనుగా ఆడాలంటే కిక్రీ పట్టుకోవాల్సిందేనా?" అన్నాడు. చూశారా? డ్వార్ఫ్‌గా పుడితే డ్వార్ఫే అన్న తప్పును ఎత్తిచూపిన నేనే, నా పక్కింటివాళ్ల విషయంలో ఆ తప్పు చేశాను.

పేరు మార్చాం. ఇద్దరం కలిసే రాశాం. మా మేనమామ కూతురు పెట్టిన పేరు 'యాదిదారు'. పట్టాదారు దగ్గర భూమి కాగితం ఉన్నట్టు యాదిదారు దగ్గర ఊరి జ్ఞాపకం ఉంటుంది. ఎవరైనా కావచ్చు, ఆడైనా మగైనా, ఏ జాతైనా. నేర్చుకోవాలి, అంతే.

నియమాలు ఇవి. ఆట మొదట్లో యాదిదారుకు మూడు చింతగింజలు ఇస్తాం. ఒక గింజ ఖర్చుపెట్టి ఒక పాత సంగతి చెప్పొచ్చు. "ఈ గుట్ట వెనక పాత బావి ఉంది", "ఈ పటేల్ అమ్మమ్మది మన ఊరే" అని. అంతకుముందు ఎవరూ చెప్పినదానికి అడ్డం రాకపోతే, అది ఆటలో నిజమైపోతుంది. ఇది శక్తి. ఇక ధర: చెప్పిన ప్రతి సంగతీ నోటుపుస్తకంలో రాస్తాం. తర్వాత ఎప్పుడైనా దానికి విరుద్ధంగా చెబితే, ఆ రోజుకు మిగిలిన గింజలన్నీ పోతాయి. అబద్ధమాడిన యాదిదారును ఎవరు నమ్ముతారు? ఖర్చయిన గింజలు తిరిగి రావాలంటే ఆటలో ఎవరింటికైనా వెళ్లి వాళ్ల కథ అడిగి వినాలి. చెబితేనే కాదు, వింటేనే బలం.

మొదటిసారి ఆడినప్పుడు ఇది చెడిపోయింది. గింజలకు లెక్క పెట్టలేదు. మా చిన్న తమ్ముడు ప్రతి ఆపదకూ "ఇక్కడో సొరంగం ఉందని మా తాత చెప్పాడు" అనేవాడు. మిగతా ముగ్గురికీ చేయడానికి పని లేదు. ఒకడు లేచి క్రికెట్ చూడ్డానికి వెళ్లాడు. అందుకే మూడు గింజల హద్దు వచ్చింది. రాసిన క్లాస్ బాగుందో లేదో రాసినవాడికి తెలియదు. పక్కవాడు విసుగుతో లేచిపోయినప్పుడు తెలుస్తుంది.

ఇలాంటి పని చేసింది మనమే మొదలు కాదు. అమెరికాలో అక్కడి ఆదివాసులు 'కయోటీ అండ్ క్రో' అనే ఆట తయారుచేశారు. చెరోకీ నేషన్‌కు చెందిన కానర్ అలెగ్జాండర్ ముందుండి నడిపించారు. యూరప్‌వాళ్లు ఆ ఖండాన్ని ఆక్రమించకపోయి ఉంటే భవిష్యత్తు ఎలా ఉండేదో అన్నది ఆ ఆట కథ. 2021లో జనం నుంచి చందాగా పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. అందులో ఒక సూచన నాకు బాగా నచ్చింది. ఆదివాసి ఆటగాళ్లు కావాలంటే తమ తమ తెగ ఆచారాలను ఆటలోకి తెచ్చుకోవచ్చు. బయటివాళ్లు మాత్రం పుస్తకంలో ఇచ్చినదానితోనే ఆడాలి, నిజమైన తెగలవి తీసుకోకూడదు. తాత నాకు చెప్పిందీ దాదాపు అదే. దేనికి హద్దు, ఎవరికి హద్దు అన్నది ఆ తెగవాళ్లే చెప్పాలి.

మీలో ఎవరికైనా ఇది చేయాలనిపిస్తే డబ్బు అక్కర్లేదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. వాళ్ల పేరు చెప్పి, వాటి మీద మీ క్లాస్ మీరు కట్టుకోవచ్చు. 20 ముఖాల పాచిక దొరకకపోతే ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి డబ్బాలో వేసి తీయండి. అదీ వద్దనుకుంటే మామూలు లూడో పాచికలు రెండు చాలు. 2010లో వచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' అనే ఆట రెండు పాచికలతోనే నడుస్తుంది. రెండూ కలిపి 10 లేదా ఎక్కువ వస్తే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 వస్తే జరుగుతుంది, కానీ ఏదో ఒక ధర కట్టాలి. 6 లేదా తక్కువైతే చిక్కు. 36 రకాలుగా పడే పాచికల్లో 6 సార్లు పూర్తి గెలుపు, 15 సార్లు ధరతో గెలుపు, 15 సార్లు చిక్కు. మన బతుకుల లెక్క కూడా దాదాపు అలాగే ఉంటుందని మా తాతకు చెబితే నవ్వాడు.

పాత్ర కాగితం మీద మాటలు గోండిలో రాసుకోండి. కొలామీలో, కోయలో, లంబాడీలో, మీది ఏ భాష అయితే ఆ భాషలో రాసుకోండి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, అందులోనూ రాయొచ్చు. ఒక మాట తట్టకపోతే ఇంట్లో అడగండి. యాదిదారుకు గింజ తిరిగొచ్చేది అలాగే కదా.

చివరిగా, హైదరాబాద్ స్నేహితుడి సంగతి. పోయిన వేసవిలో మళ్లీ అందరం ఆడాం. ఈసారి కథ నడిపింది నేను. బార్బేరియన్ తీసుకోమన్న ఆ స్నేహితుడు నా కాగితాలు తిరగేసి, యాదిదారు తీసుకున్నాడు. రెండు గింజలు తొందరగా ఖర్చుపెట్టేశాడు. మూడోది పట్టుకుని చాలాసేపు ఆలోచించి అన్నాడు: "మా నాయనమ్మ ఊరు ఏదో నాకు తెలియదు రా." తర్వాత ఫోన్ తీసి బయటికి వెళ్లాడు, వాళ్ల నాన్నను అడగడానికి.

మేం ఆట ఆపి అతని కోసం కూర్చున్నాం.

 తప్పులుంటే పెద్దలు దిద్దండి. మీరు రాసిన క్లాసులు ఉంటే సంఘానికి పంపండి, వచ్చే సంచికలో వేసుకుందాం. జై సేవా.